గంటకు పది నిమిషాలు

నా కుడికంటి వెనక పొర ఊడింది. ఎడమకన్ను పని ఏనాడో అయిపోయింది. దాంట్లో వెలుగూ నీడా తప్ప ఇంకేమీ నిలవవు. అంటే నాకు మిగిలింది ఒక్క కన్ను, అదీ ఊడిన పొరతో. హనుమకొండలో కంటి దవాఖాన డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, కంటి లోపల గాలిబుడగ పెట్టి, మీద కట్టు కట్టింది. ఆ బుడగ తేలి పొరను అదిమి పట్టాలంటే నా ముఖం ఎప్పుడూ నేలవైపే ఉండాలట. తిన్నా, కూర్చున్నా, పడుకున్నా అంతే. గంటకు పది నిమిషాలు మాత్రం తల ఎత్తవచ్చు. అట్లా రెండు వారాలు.

“ఎత్తితే ఏమైతది?” అని అడిగాను.

“పొర మళ్ల ఊడుతది అవ్వా. అప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను.”

ఆటోలో ఇంటికి వచ్చేదాకా తల ఎత్తలేదు. పెళ్లిపీటల మీద తప్ప నేను అంతసేపు తల వంచింది లేదు.

ఒకప్పుడు మగ్గం ఆడిన ముందుగదిలో నా కొడుకు ఏర్పాటు చేశాడు. ఒక స్టూలు మీద మేము నేసిన పాత జంపఖానాలు నాలుగు మడతపెట్టి, దాని మీద గుండ్రటి దిండు పెట్టాడు. నేను ఇంకో స్టూలు మీద కూర్చుని ఆ దిండులో నుదురు ఆనించాలి. కింద షాబాదు బండ. ఎడమకంటికి అది బూడిదలాగా కనిపించేది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నా లోకం ఆ ఒక్క బండ.

కొడుకు కేసముద్రం మార్కెట్‌లో కాంటా దగ్గర పనిచేస్తాడు. తెల్లారకముందే రైలెక్కాలి. కోడలు బట్టల దుకాణంలో పని. ఆమె మొదట మూడు రోజులు సెలవు పెట్టింది. నాలుగో రోజు కూడా ఆగుతానంటే నేనే వద్దన్నాను.

“ఒక్కదానివి ఎట్లుంటవ్ అత్తమ్మా? పది నిమిషాలకు ఎవరు లేపుతరు, ఎవరు మళ్ల కూసోవెడ్తరు? నీ సంగతి నాకెర్క లేదా, లేస్తే ఆకిలి ఊడ్సేదాకా కూసోవు.”

“పైనున్న పిల్లకు చెప్పు. ఉట్టిగనే ఉంటాంది గద.”

మా పైన అద్దెకు ఉన్నవాళ్లు అఫ్గానిస్తాన్ మనుషులు, హెరాత్ అనే ఊరివాళ్లు. భర్త హసన్‌పర్తి వైపు కాలేజీలో పెద్ద చదువు చదువుతున్నాడు. అతనికి హిందీ బాగానే వచ్చు. భార్యకు మన మాటా రాదు, హిందీ కూడా రాదు. వాళ్లు వచ్చి ఏడాది దాటినా ఆమెతో నేను మాట్లాడినవి రెండే మాటలు. ఒకటి మోటరు బంద్ చెయ్యి, రెండోది లైటు బంద్ చెయ్యి. ఆ రెండూ మాత్రం ఆమెకు తెలుగులోనే పూర్తిగా అర్థమయ్యేవి.

ఆ పిల్ల మాట కాదనకుండా దిగివచ్చింది. నాకు కనబడింది ఆమె పాదాలే. బండ మీద రెండు తెల్లని మచ్చలు.

కాసేపటికి మెడ పట్టేసింది. “టైమెంతయిందే పిల్లా?” అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. గోడగడియారం చూడమందామంటే దానికి సెల్లు లేదు. ఇంట్లో అందరికీ ఫోన్లుండగా గోడకు ఒక గడియారం ఎందుకని పోయిన ఎండాకాలం నేనే సెల్లు తీసి టార్చిలైటులో వేశాను. కొడుకు ఫోన్ కొడుకుతో పోయింది, కోడలి ఫోన్ కోడలితో పోయింది. ఈ పిల్ల ఫోనేమో పైన కిటికీలో ఉంటుంది, మా మందపు గోడల మధ్య కింద సిగ్నల్ అందదు. చెయ్యి వెనక్కి చాచి నా మణికట్టు మీద వేలితో కొట్టి చూపించాను.

“ఆ, సాఅత్!” అంది. వంగి నా చెవి దగ్గర నిదానంగా చెప్పింది. “సాఅత్ చంద్ అస్త్?”

గంట ఎంత అని అడగడం అట్లాగన్నమాట. నేను కూడా అనాలని ఎదురుచూస్తూ నిలబడింది. నేను రెండో తరగతి దాకా చదివాను. అక్కడా ఇట్లాగే అనిపించేవాళ్లు, అనకపోతే చెవి మెలిపెట్టేవాళ్లు. ఈ వయసులో నాకెందుకని ఊరుకున్నాను. కాని అడగనిదే నా పది నిమిషాలు నాకు దొరకవు.

“సాఅత్ చంద్ అస్త్?” అన్నాను, దిండులోకి.

“సాఅత్ నోహ్ అస్త్,” అని నా వీపు మీద వేలితో తొమ్మిది దెబ్బలు కొట్టింది.

రెండు రోజుల్లో అంకెలు పట్టుకున్నాను. పంజ్ అంటే అయిదు, పీర్ల పండుగకు లేపే పంజాకు ఉన్నవి అయిదు వేళ్లే గదా. హఫ్త్ అంటే ఏడు, హఫ్తాకు ఏడు రోజులు. తొమ్మిదిన్నర అనాలంటే నోహ్ ఒ నీమ్. నిమిషాన్ని దఖీఖా అంటారు. పది నిమిషాలు దహ్ దఖీఖా. నేను తొందరపడి అడిగితే “హనూజ్ న” అనేది. ఇంకా కాలేదని. ఆ మాట మాత్రం నేను నేర్చుకోకముందే అర్థమైంది.

రాత్రి అన్నం తినిపిస్తూ నా కొడుకు నవ్వాడు. “అది పార్సీ అమ్మా. ఎనకట నిజాం కచేరీల కాయితాలన్ని గా భాషలనే ఉండేటియి. నువ్వు ఇగ తాసిల్దారు అయితవ్.”

“తాసిల్దారు తల దించుకొని కూసుంటడా? ముద్ద పెట్టు.”

మధ్యాహ్నం అయ్యేసరికి పైన ఆ పిల్ల ఫోన్ మోగేది. ఆగేది, మళ్లీ మోగేది. ఆ రెండు తెల్లని మచ్చలు గడప దాకా పోయి అక్కడ ఆగిపోయేవి. నాకు తల తిప్పి చూసే వీలు లేదు. మోగడం ఆగాక తిరిగి వచ్చేవి. ఎత్తకుండా మోగనిస్తే చార్జింగ్ దండుగ కాదా అని మాత్రం అనుకున్నాను.

అదే సమయంలో మసీదు నుంచి బాంగు వినిపించేది. ఆ పిల్ల దిగివచ్చిన నాలుగో రోజు బాంగు అయ్యాక గంట అడిగాను. “సాఅత్ దవాజ్దహ్ అస్త్,” అంది. పన్నెండు. ఈ మసీదులో పగటి బాంగు ఒంటిగంటకు. మా అత్త ఆ బాంగు విని ఎసరు పెట్టేది, ఆమె తర్వాత నేను కూడా. అది తప్పదు. అంటే ఈ పిల్ల నా గంట ఒకటి మింగేస్తోంది. కోపం వచ్చింది గాని దాన్ని చెప్పేంత పార్సీ నా దగ్గర లేదు. మనసులో పెట్టుకున్నాను.

ఇక నా తెలివి సంగతి. ఆ పది నిమిషాలు దేనికీ సరిపోవు. లేచి బాత్రూముకు పోయి నాలుగు గుటకలు చాయ తాగేలోపే “బెషీన్, బీబీ జాన్” అని మళ్లీ స్టూలు మీద కూర్చోబెట్టేది. నాకు ఆకలి లేదు, నొప్పి సంగతి పక్కన పెట్టొచ్చు. నడుం ఆనించి ముందరి అరుగు మీద ఒక అరగంట మనిషిలాగా కూర్చోవాలి, సందులో పోయేవాళ్ల మాటలు వినాలి. అదొక్కటే పట్టుకుంది. అందుకని ఒకరోజు పొద్దున మొదటి గంటకు లేవలేదు. రెండోదానికీ లేవలేదు. ఆ పిల్ల భుజం తట్టితే వద్దని చెయ్యి ఊపాను. చక్కెరైనా నూనెనైనా నేను ఇట్లాగే మిగిల్చి ఇల్లు నడిపాను. నిమిషాలను మిగల్చడానికి ఏం అడ్డం?

మూడో గంట కాగానే లేచాను. “నీమ్ సాఅత్,” అన్నాను. అరగంట. మూడు వేళ్లు చూపించి ఒక్కొక్కటీ పదని లెక్క చెప్పాను.

“న! దహ్ దఖీఖా.”

“నీమ్ సాఅత్! నావే అవి, నీ అయ్యసొమ్మా?”

గోడ పట్టుకుంటూ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. తల ఎత్తాను. ఎండ ముఖానికి తగిలింది. ఎదురింటి ఆమె “ఏం వదినా, ఎట్లుంది కన్ను?” అని పలకరించింది. నేను జవాబు మొదలుపెట్టానో లేదో పది నిమిషాలు అయినట్టున్నాయి, ఆ పిల్ల ఒక చెయ్యి నా మెడ మీద వేసి, ఇంకో చెయ్యి గడ్డం కింద పెట్టి, తలను వంచేసింది. అందరూ చూస్తుండగానే. నా మెడ మీద అట్లా చెయ్యి వేసినవాళ్లు ఈ ఇంట్లో లేరు. విదిలించాను. ఆమె వదలలేదు.

“సర్ పాయీన్! చష్మ్, బీబీ జాన్, చష్మ్!”

చష్మా పెట్టుకునేదాన్ని, చష్మ్ అంటే కన్నని నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అట్లాగే వంచి లోపలికి నడిపించి దిండులో పెట్టింది. ఆ రోజంతా నేను గంట అడగలేదు. ఆమే గంటగంటకూ చెప్పింది.

సాయంత్రం ఆమె భర్తను కిందికి పిలిపించాను. కోడలు కూడా అప్పుడే వచ్చింది. నా ఫిర్యాదులు రెండూ చెప్పాను. ఒకటి మెడ సంగతి, రెండోది దొంగిలించిన గంట సంగతి. కోడలు హిందీలో చెప్పింది, అతను భార్యను అడిగాడు, ఆమె చాలాసేపు మాట్లాడింది.

“దాచుకున్న నిమిషాలు కంటికి తెల్వయంట అత్తమ్మా,” అంది కోడలు. “లేసి కూసున్నంతసేపు బుడగ పక్కకు జరుగుతనే ఉంటదంట. డాక్టరమ్మ మాట వీళ్లాయన ఫోన్ల చూసి ఈమెకు మంచిగ చెప్పిండంట. గందుకే బుగులుతోని వంచిందంట.”

“మరి గంట?”

ఈసారి అతను తడుముకున్నాడు. ఆమె చేతిగడియారం హెరాత్ టైము చూపిస్తుందట. అక్కడ మనకంటే ఒక గంట వెనక. వచ్చిన రోజు నుంచి దాన్ని తిప్పలేదు. వాళ్లమ్మకు సొంత ఫోన్ లేదు, పక్కింటివాళ్ల ఫోన్ అక్కడి పన్నెండింటికి కాసేపు ఇస్తారు. రోజూ ఆ వేళకు కూతురికి చేస్తుంది. ఈమె కింద నా దగ్గర కూర్చున్నప్పటి నుంచి ఎత్తడం లేదు.

“ఎందుకెత్తలేదు? నాలుగు మెట్లెక్కలేదా?”

కోడలు అడిగి చెప్పింది. “నిన్ను ఒక్కదాన్ని ఇడిసిపెడితే లేస్తవని భయమంట.”

తప్పు పట్టడానికి ఏముంది, ఆ పొద్దునే లేచి కూర్చున్నదాన్ని.

మరునాడు బాంగు వినిపించింది. వెంటనే పైన ఫోన్ మోగింది. తెల్లని మచ్చలు గడప దాకా పోయి ఆగాయి. అప్పుడు నేను లేవాల్సిన పది నిమిషాలు కూడా దగ్గర పడ్డాయి. బాత్రూముకు పోవాలని కూడా ఉంది.

“దహ్ దఖీఖా,” అన్నాను. నా చేతిని పైకప్పు వైపు చూపించాను. “పో. మాదర్.” అమ్మ అనే ఆ మాట నిన్న సాయంత్రం పట్టుకున్నాను.

“న, బీబీ జాన్...”

“నేను లేవ. సర్ పాయీన్. గిట్లనే ఉంట. ఉరుకు!”

మెట్ల మీద అడుగులు దడదడ వినిపించాయి. పైన గొంతు లేచింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, అన్నీ కలిపి మాట్లాడుతోంది.

కింద నేనొక్కదాన్నే. పట్టుకునేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. తలుపు తెరిచే ఉంది, అరుగు మీది ఎండ గడపలోకి వచ్చింది. ఎడమకంటి కొసకు ఆ వెలుగు తెలుస్తోంది. ముక్కు మీదికి చెమట దిగి బండ మీద పడింది. మెడలో నరం కొట్టుకుంటోంది. ఒక్కసారి, ఊరికే ఒక్కసారి తల ఎత్తితే ఎవరికీ తెలియదు. గంట అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. జంపఖానా అంచును రెండు చేతులతో పట్టుకున్నాను. పడుగు పోగులు వేళ్లకు తగిలాయి. ఒక్కొక్క పోగునూ తడుముతూ పోయాను, కొస దొరికితే మళ్లీ మొదటి నుంచి తడిమాను.

మెట్లు మళ్లీ దడదడలాడాయి. ఆయాసంతో వచ్చి నా మెడ మీద చెయ్యి వేసింది. తల దిండులోనే ఉందని చూసుకుంది.

“సాఅత్ చంద్ అస్త్?” అన్నాను.

“దవాజ్దహ్ ఒ...” అని ఆగి, ముక్కు ఎగపీల్చి, “దహ్ దఖీఖా” అంది. పన్నెండూ పది. సరిగ్గా పది నిమిషాలకు వచ్చింది. నచ్చింది నాకు. మిగతా రోజులూ ఆ వేళకు లేవలేదు.

రెండు వారాలకు డాక్టరమ్మ కట్టు తీసి, లైటు వేసి చాలాసేపు చూసింది. “పొర అతుక్కున్నదవ్వా. బుడగ కరిగే దాకా మసకగ ఉంటది,” అంది.

బుడగ కరుగుతుంటే కంటిలో నీటిగీత లాంటిది ఊగుతూ రోజుకింత కిందికి దిగింది. దానిపైన ఉన్నవే స్పష్టంగా కనబడేవి. ముందు దూలాలు కనబడ్డాయి. తర్వాత ఫ్యాను. ఒక పొద్దున గోడగడియారం కనబడింది. కొడుకు దానికి కొత్త సెల్లు వేశాడు. చిన్నముల్లు, పెద్దముల్లు వేరువేరుగా ఆనాయి. పది.

అప్పుడే ఆ పిల్ల అలవాటు కొద్దీ దిగివచ్చి గడపలో నిలబడింది. పాదాలు తప్ప తెలియని ఆ మనిషికి ముక్కు మీద చిన్న మచ్చ ఉందని అప్పుడు చూశాను. నా చూపు ఎక్కడుందో కనిపెట్టి నవ్వింది.

“బీబీ జాన్, సాఅత్ చంద్ అస్త్?”

గోడ వైపు ఇంకోసారి చూసుకున్నాను.

“నోహ్,” అన్నాను. తొమ్మిది.

ఆమె తన మణికట్టు చూసుకుంది. తల ఎత్తి కళ్లు తుడుచుకుంది. పైన టాంకి నిండి నీళ్లు గోడ వెంబడి కారుతున్న చప్పుడు వినబడింది.

“మోటరు బంద్ చెయ్యి బిడ్డా,” అన్నాను. ఉరికింది.