మూడో పిలుపు

నా చిన్నప్పుడు మా కొల్లేటి లంకలో చలి ముందు మా నానమ్మ మోకాళ్లకు తెలిసేది, తర్వాతే ఊరికి. ఏళ్ల తరబడి నీళ్లలో నిలబడి చేపలు పట్టిన కాళ్లవి. ఒక శీతాకాలం మోకాళ్లు వెలక్కాయల్లా ఉబ్బడంతో ఆవిడ మంచం దిగడం మానేసింది. రోజూ కాస్త నడవమని ఏలూరు డాక్టరుగారు చెబితే, "నొప్పి ఆయనకా, నాకా?" అని దుప్పటి ముసుగేసుకుంది. ఇలాగే పడుకుంటే కీళ్లు బిగుసుకుపోయి ఇక లేవలేరండీ అని ఆయన మా నాన్నతో అనడం నేను విన్నాను.

ఒక తెల్లవారుజామున వాకిట్లో పొగమంచులోంచి "చెల్లే!" అని పిలుపు. నానమ్మ వాళ్లక్క గొంతు. పడవ మునిగి ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. మా వైపు చీకటి విడవకముందు ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకరు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట. ఆ గొంతు మూడోసారీ పిలిచింది. నానమ్మ గోడ పట్టుకుని లేచింది.

మర్నాడు పిలుపు వీధి మలుపులోంచి, ఆ తర్వాత చెరువు గట్టు మీంచి. నానమ్మ వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టించుకుని, చెంగు తలకు చుట్టుకుని, రోజుకు నాలుగడుగులు ఎక్కువ వేసేది. ఏదో ఒకనాడు నీళ్లలోకి దిగిపోతుందని నాకు వణుకు.

నేను అప్పటికే నోరుగలదాన్ని. ఒకరోజు నానమ్మకంటే ముందే వెళ్లి గట్టు మీద కాపు కాశాను. మంచులో నిలబడి పిలుస్తున్నది పక్కింటి అత్త!

"సిగ్గు లేదూ అత్తా మీకు, పోయినావిడ గొంతు పెట్టి పిలవడానికి?"

"అరవకే! బతికున్నవాళ్లం ఎంతమంది చెప్పాం, విందా?"

అంతలో చెరువు అవతల నుంచి "చెల్లే!" అని వినిపించింది. అత్త నోరు మూసుకునే ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రెండోసారి. మూడోసారి.

నానమ్మ మమ్మల్ని దాటుకుని నీటి అంచుదాకా నడిచింది. "చాల్లేవే. నడుస్తున్నాగా. ఇక నువ్వు పో" అని, వెనక్కి తిరిగింది.

ఆ గొంతు మళ్లీ వినపడలేదు. నానమ్మ మాత్రం ఆ తర్వాత చాలా శీతాకాలాలు ఆ గట్టు మీదే నడిచింది.

ఇప్పుడు నా మోకాళ్ల వంతు. దయ్యాలు లేవని ఎవరితోనైనా పొద్దుగూకేదాకా వాదిస్తాను, నెగ్గుతాను కూడా. కానీ మంచు పట్టిన రోజున కాపడం పెట్టుకుని, నన్నెవరూ పిలవకముందే లేచి నడుస్తాను.