దీపం వచ్చే వేళ

కేరళలోని మా ఒట్టప్పాలంలో వేసవి సినిమా తరగతికి వచ్చినవాళ్లలో మృదులకు ఒక పిచ్చి ఉంది. షాట్ అయిపోగానే అరచెయ్యి పైకెత్తి, "ఎవరూ కదలొద్దు" అంటుంది. మెడలో వేలాడే రికార్డరు నొక్కి, కళ్లు మూసుకుని, ఆ చోటి నిశ్శబ్దాన్ని పట్టుకుంటుంది. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదేనట; మాటల మధ్య ఖాళీల్లో అదే అతకాలట. "చేపల సంతలో కూడా నిశ్శబ్దం పడతావేమిటే?" అని తోటి విద్యార్థిని బిందుజ ఏడిపిస్తే గోరు కొరుక్కుంటూ నవ్వుతుంది. తరగతి చివర తీయాల్సిన చిత్రానికి మృదుల తన పెద్దమ్మ ఇంటిని చిత్రీకరించింది. పెద్దమ్మ పోయినప్పటి నుంచీ దానికి తాళమే. ఉన్నన్నాళ్లూ పొద్దుగూకగానే ఆవిడ "దీపం, దీపం" అంటూ వెలిగించిన దీపం వసారాలోకి తెచ్చేది. కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడేవారు. మా వైపు దీపం పెట్టే ప్రతి ఇంట్లోనూ అంతే. ఇప్పుడు ఆ వసారా నుంచి మృదుల పట్టుకొచ్చింది ఉత్త నిశ్శబ్దమే.

తరగతిలో ఆ రికార్డింగు వేసి వినిపించారు. నడవలోకి కాళ్లు బారజాపుకుని కూర్చున్న పౌలోస్ సారు, "ఏముందమ్మా ఇందులో? ఈగ వాలిన చప్పుడైనా లేదు" అన్నారు. అంతలో బిందుజ లేచి నిలబడింది. పక్కనున్న ఇద్దరూ లేచారు. ఆ వెనక ఒక్కొక్కరే మిగతావాళ్లూ.

"ఏమిటర్రా, జనగణమన వేశానా?" అని సారు నవ్వారు.

ఎందుకు లేచారో వాళ్లకే తెలియదు. మృదుల మాత్రం చేతులు జోడించి తలుపు వైపు చూస్తోంది. సారు నవ్వు ఆగిపోయింది. ఎవరో నడిచి వస్తుంటే దారి ఇచ్చినట్టు, ఆయన మెల్లగా కాళ్లు వెనక్కి తీసుకున్నారు.