టీవీ ఇల్లాలి చేతి గాజు

నా నోరు చేసిన నాశనాలు చాలానే ఉన్నాయి గానీ, కోడలి సీమంతాన్ని పరామర్శ ఇల్లుగా మార్చింది ఒక్కసారే. నవ్వుకోండి, అడ్డు చెప్పను. నవ్వాక గొంతులో ఏదైనా అడ్డం పడితే నన్నే తిట్టుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. సాయంత్రమైతే ముత్తియాల్‌పేటలో మా వీధంతా ఒక అరవ సీరియల్ ముందు కూలబడేది. అందులో అన్నపూర్ణ అనే ఇల్లాలు. రూపాయి బిళ్ళంత బొట్టు. మొగుడికి వారానికో గండం. లారీ గుద్దుతుంది, పాము కరుస్తుంది, సొంత తమ్ముడే విషం పెడతాడు. ఈవిడ తాళి కళ్ళకద్దుకుంటే చాలు, లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. యముడు కూడా ఆ ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిందే.

మా కోడలు లతకి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల వచ్చింది. ఇంట్లో గట్టిగా తుమ్మడానికి కూడా భయం. అప్పుడు తెలిసింది, అన్నపూర్ణ వేషం వేసే వసుమతి పక్కింటి సరోజక్కకు చెల్లెలి వరస అని, చుట్టపుచూపుగా వచ్చిందని. మునిగేవాడికి గడ్డిపోచ చాలంటారు, నాకు పడవే దొరికింది. సరోజక్క మార్కెట్‌కు పోయినప్పుడు వెళ్ళి పిలిచేశాను.

సీమంతం నాడు ఆ పిల్ల వచ్చి గుమ్మం పక్కన ఒదిగి కూర్చుంది. నుదుట బొట్టు లేదు. మేకప్పుతో పాటు కడిగేసుకుందనుకున్నాను. మహా తెలివి!

"రామ్మా, మొదటి గాజు నువ్వే తొడగాల."

"వద్దు పెద్దమ్మా. సుమ్మా, ఊరికే చూసి పోదామని వచ్చినా."

"ఏంది బిగువు? మంచితనమంతా టీవీలోనేనా?"

సరోజక్క నా నడుం గిల్లింది.

"ఏందక్కా గిల్లతావు? అడగరానిది అడిగినానా?" అని అరిచి, కుంకుమ భరిణె పట్టుకుని ఆ పిల్ల మీదికి పోయాను, గుమ్మడికాయ పగలగొట్టేవాడిలా.

వసుమతి నా చెయ్యి పట్టుకుంది. "మా ఆయన ఆడి నెలలో, అదే ఆషాఢంలో పోయినారు పెద్దమ్మా. ఆ బొట్టు షూటింగు వాళ్ళది. సాయంత్రం తుడిచి ఇచ్చేస్తా."

సీమంతం పాట పాడుతున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోటికి ఆ రోజు వీధి కూడా మిగల్లేదు. ఆ పిల్ల లేచి చెప్పులు వెతుక్కుంటోంది.

"యాడికి పోతావక్కా?" పీట మీంచి లత చెయ్యి చాపింది. "తొడిగి పో."

ముసలమ్మలు గొణిగారు. నిజం చెప్తున్నాను, నేనూ వద్దని అడ్డుపడదామనే నోరు తెరిచాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట రాలేదు. నా నోరు చేసిన ఒకే ఒక్క పుణ్యం అదే.

గాజు ఎక్కింది. చిట్లలేదు. నెలలు నిండాక మనవరాలూ క్షేమంగా పుట్టింది.

సీమంతమైన తర్వాతి వారమే సీరియల్లో మళ్ళీ గండం. అన్నపూర్ణ తాళి కళ్ళకద్దుకుంది, మొగుడు లేచి కాఫీ అడిగాడు. వీధంతా చప్పట్లు. నేను లేచి టీవీ కట్టేశాను.

కాబట్టి నలుగురి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి నుదురూ చదవను. అక్షరాలే ముసలితనంలో కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని, ఆ పెద్ద చదువు నాకెందుకు?