దొరసాని తూలిన ఉదయం

వీధిలో ఆయన్ని రొట్టెలాయన అంటారు. ముందు దుకాణం, మధ్యలో బట్టీ, వెనక ఇల్లు. చీకటి ఉండగానే లేచి పిండి కలుపుతాడు. ఎక్కువ మాట్లాడడు. ఇద్దరి మాటలూ భార్యే మాట్లాడుతుంది.

రొట్టెలు అచ్చుల్లోకి వెళ్ళాక బల్ల మీద గీకిన పిండీ, కోసేసిన అంచులూ మిగులుతాయి. వాటిని ముద్ద చేసి, బట్టీ చల్లారే ముందు కాల్చి కుక్కకు వేస్తాడు. కుక్క పేరు దొరసాని. పక్కన ఎవరో నిలబడి విసనకర్ర విసరాలన్నట్టు కూర్చుంటుందని బావమరిది పెట్టిన పేరు. భార్యకు అదంటే ప్రాణం. పచ్చిపిండి మాత్రం పెట్టొద్దని ఎన్నోసార్లు చెప్పింది.

బావమరిది, అంటే ఆమె తమ్ముడు, వాళ్ళతోనే ఉంటాడు. వ్యాన్లో రొట్టెలు వేసుకుని దుకాణాలకు పంచి వస్తాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు. ఈ మధ్య మానేశాడు. అక్క ఇంకా పూర్తిగా నమ్మలేదు.

ఆ ఉదయం పెద్ద ఆర్డరు ఉంది. బట్టీ గది తలుపు గీకుతూ దొరసాని ఒకటే గోల. రొట్టెలాయన చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. విసుగొచ్చింది. అంచుల ముద్ద, కొబ్బరికాయంత ఉంటుంది, పచ్చిదే పెరట్లోకి విసిరాడు. గోల ఆగింది. ఆయన పనిలో పడ్డాడు.

ఎండ పెరడంతా పరుచుకున్నాక బావమరిది పిలిచాడు.

"బావా, ఒకసారి ఇటు రా. దొరసాని నా పాత నడక నడుస్తోంది."

కుక్క నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు పోతూ తూలుతోంది. మెట్టెక్కబోయి పక్కకు పడింది. లేచింది.

"గోడ పట్టుకో తల్లీ. నేనలాగే ఇల్లు చేరేవాణ్ణి."

రొట్టెలాయన నవ్వాడు. గుమ్మానికి ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కుక్క వాంతి చేసుకోబోయింది. ఏమీ రాలేదు. దానికీ నవ్వాడు. అది పక్కకు ఒరిగి ఇక లేవలేదు. అప్పుడు చూశాడు, పొట్ట డోలులా బిగిసి ఉంది.

వ్యాన్లో భార్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రొట్టెలాయన ఖాళీ ట్రేల మధ్య కూర్చున్నాడు. బావమరిది వ్యాన్ తోలాడు.

పశువుల డాక్టరమ్మ కుక్కను స్టీలు బల్ల మీద పడుకోబెట్టి, దవడ తెరిచి వాసన చూసింది.

"సారా వాసన వస్తోంది. ఎవరైనా తాగించారా?"

భార్య తమ్ముడి వైపు తిరిగింది.

"ఎంత పోశావురా?"

"నేనా? నా దగ్గరెక్కడిదక్కా?"

"మానేశానని మా కళ్ళల్లో దుమ్ము కొట్టి, నోరులేనిదాంతో సరసాలా?"

"నీ మీద ఒట్టు. నేను పోయలేదు."

"నువ్వు నా మీద వేసిన ఒట్లకు నేనెప్పుడో పోయుండాల్సింది."

వాసన అనగానే రొట్టెలాయనకు తెలిసిపోయింది. ఎక్కువసేపు పులిసిన పిండి మీద మూత తీస్తే వచ్చే వాసన అది. వెచ్చగా ఉన్నచోట పిండి పొంగుతుంది, లోపల సారా ఊరుతుంది. కడుపులో వెచ్చగా ఉంటుంది. బతుకంతా చేసిన పనే.

చెప్పలేదు. భార్య తిడుతోంది, బావమరిది తల దించుకుని పడుతున్నాడు. ఆ తిట్లు తన మీద పడనందుకు లోపల ఎక్కడో చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆయనకు తెలుస్తూనే ఉంది.

"సరే, సెలైన్ పెడదాం. మత్తు దిగేదాకా చూడటమే" అని డాక్టరమ్మ సీసా కోసం అలమారు దగ్గరికి వెళ్ళింది.

రొట్టెలాయన కుక్క పొట్ట మీద చెయ్యి వేశాడు. వ్యాన్ ఎక్కించేటప్పటికన్నా బిగువుగా ఉంది. ఆ బిగువు ఏమిటో ఆ చేతికి బాగా తెలుసు.

"డాక్టరమ్మా. పచ్చిపిండి తిన్నది. ఈస్ట్ కలిపింది. నేనే వేశాను."

"ఎంత?"

రెండు చేతులతో చూపించాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నారండీ? అది లోపల ఇంకా పొంగుతోంది. చల్లని నీళ్ళతో కడుపు కడగాలి. మీరంతా బయటికి వెళ్ళండి."

వసారాలో బెంచీ మీద కూర్చున్నారు. భార్య తిడితే బాగుండునని ఆమె వైపు చూశాడు. ఆమె మూసిన తలుపునే చూస్తోంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. గండం గడిచింది, ఈ రాత్రికి ఇక్కడే ఉంచండి, అంది డాక్టరమ్మ. భార్య లేచి, లోపలికి వెళ్తూ తమ్ముడి దగ్గర ఆగింది.

"నిన్ను ఊరికే అన్నాన్రా."

"నీకు అనడం అలవాటు, నాకు పడటం అలవాటు. వెళ్ళి చూడు, నీకోసం వెతుక్కుంటూ ఉంటుంది."

ఆమె వెళ్ళింది. బెంచీ మీద ఇద్దరే మిగిలారు.

"అక్క సంగతి వదిలెయ్ బావా" అన్నాడు బావమరిది. "నువ్వు కూడా నేనే పోశాననుకున్నావా?"

అనుకున్నానంటే సరిపోయేది. వాడు నవ్వేసి ఊరుకునేవాడు.

"లేదు" అన్నాడు రొట్టెలాయన. "నువ్వు కాదని తెలుసు."

బావమరిది ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత లేచి, వ్యాన్ తీస్తానని చెప్పి బయటికి వెళ్ళాడు.