మబ్బు మనం చూడాలి

మావయ్య పోయాడని అమ్మ ఫోన్ చేసింది. కాకినాడలో నేను పాఠాలు చెప్పే స్కూలు హాస్టల్లో ఫోను వార్డెన్ గారి గదిలో ఉంటుంది. ఆవిడ ఎదురుగా కూర్చుని ఏదో రాసుకుంటున్నారు కాబట్టి నేను ఏడవలేదు.

"తెల్లవారుజామునే. ఊపిరందలేదట. పక్కగది వాళ్ళు చూసేసరికే..." అంది అమ్మ. వెనక నుంచి నాన్నగారి గొంతు వినిపించింది. "ఏ బస్సుకి వస్తుందో కనుక్కో."

బస్సులో పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ కూడా తిప్పకుండా ఊరు చేరాను.

మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. మా వరిచేలు తవ్వి చేపల చెరువు చేసిన ఏడాది, చూసుకునే మనిషి కావాలని నాన్నగారు కబురు పెడితే ఒక ట్రంకుపెట్టెతో వచ్చాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

చేపలకి మేత ఎలా పెడతారో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. తవుడూ, నూనె తీసిన చెక్కా కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపి, సంచి అడుగున చిల్లులు పెట్టి, చెరువులో పాతిన వెదురు గెడలకి నీళ్ళలోకి వేలాడేలా కడతారు. చేపలు కిందినుంచి వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. మావయ్య ఆ చిల్లులు సైకిలు చక్రం పుల్లని ఎర్రగా కాల్చి పెట్టేవాడు. చాకుతో పొడిస్తే దారాలు ఊడొచ్చి చిల్లు పెద్దదైపోతుంది, తవుడంతా నీళ్ళపాలై అడుగున కుళ్ళుతుంది. మరీ చిన్నదైతే చేప విసుగొచ్చి పోతుంది. రెండు వరుసలు, ఒక చిల్లుకీ ఇంకో చిల్లుకీ మధ్య రెండు వేళ్ళు. కాన్వెంటు హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పక్కనే కూర్చుని చదువుకునేదాన్ని. కాలిన ప్లాస్టిక్ వాసన నా పాఠాలన్నిటికీ పట్టింది.

తవుడు లారీ వస్తే ముందు ఒక గుప్పెడు తీసి పిసికి చూసేవాడు. ముద్దగా నిలిస్తే సరే. తర్వాత వాసన. ఆ తర్వాత చిటికెడు నోట్లో వేసుకునేవాడు. ఒకసారి లారీ అతను నవ్వాడు.

"ఏంటండీ, చేపలకి మిగిల్చేలా లేరే!"

"ఇదిగో, మీరూ కొంచెం వేసుకోండి."

"నాకెందుకండీ బాబూ!"

"చూశారా? మీరే తినలేకపోతున్నారు. పుల్లబడిపోయింది. తీసుకెళ్ళిపోండి. మన నోట్లో వేసుకోలేనిది దాని నోట్లో ఎలా వేస్తామండీ?"

లారీ వెనక్కి వెళ్ళింది. నాన్నగారు ఆరోజంతా మావయ్యతో మాట్లాడలేదు.

సంచులు కట్టాక మావయ్య గట్టు మీద కూర్చుని గెడల్ని చూసేవాడు. చేపలు సంచిని పొడుస్తుంటే గెడ సన్నగా వణుకుతుంది. ఆ వణుకుని బట్టి వాటి ఆకలి చెప్పేవాడు. అప్పుడప్పుడు వల వేసి ఒకటి రెండింటిని పట్టి మొప్ప ఎత్తి చూసేవాడు. లోపల కుంకుమ రంగు కనిపిస్తే "పో తల్లీ" అని వదిలేసేవాడు. నన్నూ తల్లీ అనే పిలిచేవాడు. నాకూ చేపలకీ పిలుపులో తేడా ఉండేది కాదు.

మబ్బు పట్టిన రోజు మాత్రం ఒక్క సంచీ కట్టనిచ్చేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఎండ లేకపోతే నీళ్ళలో ఊపిరి తగ్గిపోద్ది తల్లీ. తిన్నది అరగాలంటే మామూలుకన్నా ఎక్కువ ఊపిరి కావాలి. అవి తినగా మిగిలింది కుళ్ళి, ఉన్న కాస్తా లాగేస్తది."

"మరి అవెందుకు తింటాయి?"

"చేపకి ఆకలి తెలుసు, మబ్బు తెలీదు. మబ్బు మనం చూడాలి."

నాకు పద్నాలుగేళ్ళు వచ్చిన ఏడు, నాలుగు రోజుల్లో చేపలు పడతారనగా, అమ్మమ్మకి నరసాపురంలో కంటి ఆపరేషన్ పడింది. తోడుగా మావయ్య వెళ్ళాలి. ఆ పొద్దున్న ఆకాశం బూడిద రంగులో ఉంది. నేను పెరటి అరుగు మీద చదువుకుంటున్నాను. మావయ్య చేతిసంచితో వచ్చి నిలబడ్డాడు.

"మీ నాన్నగారు స్నానంలో ఉన్నారు. నా బస్సు వెళ్ళిపోద్ది. ఇవాళ సంచులు కట్టొద్దన్నానని చెప్పు. రేపు ఎండొస్తే చూద్దాం. మర్చిపోవుగా?"

"మర్చిపోను మావయ్యా."

నేను మర్చిపోలేదు. ఈ మాట రాయడానికే ఇదంతా రాస్తున్నాను.

చెప్పడానికి వెళ్ళాను. అప్పటికే చేపలు కొనేవాళ్ళు ఇద్దరు వచ్చి వసారాలో నాన్నగారి ఎదురుగా కూర్చున్నారు. "చేప బానే ఉందండి. ఇంకాస్త బరువుంటే బాగుండును" అంటున్నాడు ఒకాయన. నేను గుమ్మంలో కర్టెన్ పట్టుకుని నిలబడ్డాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదు. పెద్దలు మాట్లాడుకుంటుంటే మధ్యలో మాట్లాడకూడదు. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన పాఠాల్లో అదొక్కటీ నాకు కష్టపడకుండా వచ్చింది.

నాన్నగారు నన్ను చూశారు. "ఏంటమ్మా?"

ఆ ఇద్దరూ కూడా నావైపు తిరిగారు.

"ఏం లేదు నాన్నగారూ" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక చెబుదామని అరుగు మీదికి వెళ్ళిపోయాను. వాళ్ళు వెళ్ళలేదు. నాన్నగారే వాళ్ళని చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. నేను పుస్తకం తెరిచాను. మంచి పుస్తకం. మధ్యాహ్నం దాకా తలెత్తలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా పడవ మీద సంచులు కట్టే మనిషి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యగారండీ, చేప తేలిపోయిందండీ!" నేనూ అమ్మ వెనకాలే వెళ్ళాను. చెరువు నిండా నోళ్ళు. నీటి మీదికి మూతులెత్తి తెరుస్తూ మూస్తూ, వేల నోళ్ళు. ఏ చప్పుడూ లేదు. ఇంజను పెట్టి నీళ్ళు గాలిలోకి చిమ్మారు, సున్నం చల్లారు. ముందు బొచ్చె చేపలు తిరగబడ్డాయి. తర్వాత శీలావతులు. ప్రతి గెడకీ సంచి ఉంది. రోజూ కట్టేవాటికన్నా ఎక్కువే ఉన్నాయి.

మావయ్య మొదటి బస్సుకి దిగి చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. నాన్నగారు ఊరంతా ఉండగా అన్నారు. "నీ మీద వదిలేసి కూర్చున్నందుకు బుద్ధొచ్చింది. పోయేవాడివి ఒక్క మాట చెప్పి పోవద్దురా?"

మావయ్య నావైపు చూశాడు. నేను అమ్మ చీర కొంగు చాటున ఉన్నాను. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. నాకు భయం కూడా వేయలేదు, తేలిపోతుందిలే అనిపించింది.

"పొరపాటైపోయింది బావా" అన్నాడు. "బస్సు హడావుడిలో మర్చిపోయాను."

చొక్కా విప్పి నీళ్ళలోకి దిగి చచ్చిన చేపల్ని ఏరడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా గట్టెక్కలేదు.

ఎందుకు చెప్పలేదని మావయ్య నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగితే బాగుండేది. అడక్కపోవడం మంచితనమని అప్పుడు అనుకున్నాను. అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుందని ఇప్పుడనిపిస్తుంది. శిక్షించాలని అతనికి లేదని తెలిసి కూడా.

నెల తిరక్కుండా మావయ్య ట్రంకుపెట్టెతో వెళ్ళిపోయాడు. మర్చిపోయే మనిషికి చెరువు ఎవరప్పగిస్తారు? భీమవరంలో ఒక మేత డిపోలో పనికి కుదిరాడు. పొద్దుటినుంచి తవుడు బస్తాలు దింపించడం, ఎక్కించడం. ఎప్పుడు చూసినా కనుబొమల మీద తవుడు పొడి ఉండేది. రెండేళ్ళకి దగ్గు మొదలైంది. మా ఇంట్లో మాత్రం అతను ఒక సామెతగా మిగిలాడు. పాలు పొంగినా, గొడుగు బస్సులో వదిలేసినా, "అచ్చం మావయ్యే" అనేవారు. అమ్మ కూడా అనేది. నేను పక్కనే ఉండి వినేదాన్ని.

కాలేజీలో ఉండగా ఒకసారి అతని గదికి వెళ్ళాను. పడమటి కిటికీకి రెక్క లేదు. చిల్లులు కాల్చిన పాత సంచి ఒకటి మేకులతో కొట్టాడు. సాయంకాలపు ఎండ చిల్లుల్లోంచి దూరి ఎదుటి గోడ మీద రెండు వరుసల చుక్కలుగా పడింది.

"నా గడియారం తల్లీ" అని నవ్వాడు. "చుక్కలు గోడకున్న ఆ మేకు దాకా వస్తే నాకు అన్నం టైము."

తనే వండి వడ్డించాడు. నేను కంచం ముందు కూర్చుని, "మావయ్యా, ఆ రోజు నేను..." అన్నాను.

"అన్నం చల్లారిపోద్ది. తిను" అన్నాడు. ఇంకో గరిటె పులుసు పోశాడు.

తిన్నాను. నేను చేసింది అదే.

అతన్ని దహనం చేసిన మూడో రోజున పలకరించడానికి ఊళ్ళోవాళ్ళు వచ్చారు. అదే వసారా. ఒక పెద్దాయన, "మేత విషయంలో అంతటివాడు మళ్ళీ లేడండి" అన్నారు. నాన్నగారు తల ఊపారు. "పనితనం మంచిదేనండి. మతిమరుపే ముంచింది."

నేను కాఫీలిచ్చి ఖాళీ పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. నా మొహంలో ఏం కనిపించిందో, నాన్నగారు "ఏంటమ్మా?" అన్నారు.

"మావయ్య మర్చిపోలేదు నాన్నగారూ. నాకు చెప్పి వెళ్ళాడు. నేనే మీకు చెప్పలేదు."

వచ్చినవాళ్ళు గ్లాసులు కింద పెట్టి, పనులు గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరే లేచారు. వసారా ఖాళీ అయ్యాక నాన్నగారు మెల్లగా అన్నారు.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ వారమే. మీ మావయ్య నీకు చెబుతుంటే పడవ మనిషి విన్నాడట. నేను కట్టమనేసరికి నోరెత్తలేదట. ఏం చెయ్యమంటావు? పద్నాలుగేళ్ళ పిల్లవి, నీ పేరు బయట పెట్టమంటావా? అయినా, నువ్వు చెప్తే మాత్రం? మబ్బు నాకు కనపళ్ళేదనుకున్నావా? వాళ్ళు బరువు కావాలన్నారు. ఒక్క రోజుకి ఏమవుద్దిలే అనుకున్నాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే మీ ఇద్దరికీ తెలుసు" అంది. "నాకొక్కదానికే తెలీదు. నా తమ్ముణ్ణి నా నోటితో నేనూ అన్నాను. ఇన్నేళ్ళూ అన్నాను."

నాన్నగారు లేచి చెరువు వైపు వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి అమ్మ ఆయనకి వడ్డిస్తుంది, మాట్లాడదు. నాతో మాట్లాడుతుంది గానీ మొహం చూడదు.

మర్నాడు అమ్మా నేనూ భీమవరం వెళ్ళి గది ఖాళీ చేశాం. సామాను పెద్దగా లేదు. ట్రంకుపెట్టె, రెండు గిన్నెలు, దగ్గు మందు సీసాలు, నల్లబడ్డ సైకిలు పుల్ల. అన్నీ సర్దాక అమ్మ నేల మీద కూలబడింది. కిటికీ సంచిని పీకేద్దామని చెయ్యెత్తి మళ్ళీ దించేశాను. చుక్కలు ఒక్కసారి చూపిస్తాను ఉండమని అమ్మతో అన్నాను. ఎండ పడమటికి తిరిగే వేళ దాకా కూర్చున్నాం.

ఉదయం నుంచీ మబ్బుగానే ఉంది. నేను చూసుకోలేదు. గోడ మీద ఆ మేకు ఒక్కటే ఉంది.