నా పేరు మీద పడిన ఓటు

నేను మలేషియాలో పుట్టి పెరిగినదాన్ని. రబ్బరు తోటల్లో పనికని మా ముత్తాతల కాలంలో ఓడెక్కిపోయిన తెలుగువాళ్ళం. మా ఊరి హార్డ్‌వేర్ షాపులో పనికి చేరిన పుంగనూరు మనిషిని పెళ్ళి చేసుకుని, తొంభైల మొదట్లో ఆయన వెంట పుంగనూరు చేరాను. ఊరు నాకు ‘సింగపూరామె’ అని పేరు పెట్టింది. మాది సింగపూరు కాదు, మలేషియా అని మొదటి ఏడాదంతా కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. “రెండూ ఆ పక్కవే గదమ్మా” అనేవాళ్ళు. మదనపల్లెవాణ్ణి పట్టుకుని మీది పలమనేరా అంటే మాత్రం వాడి మొహం మాడిపోతుంది.

పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీలు చదవందే నాకు కాఫీ దిగేది కాదు. అభిమానంతో కాదు, ఎగతాళికి. మదనపల్లెలో టమోటా ధర పడిపోగానే రైతులు రోడ్డు మీద పారబోసిన ఫొటో వేసేవాళ్ళు. ఏటా వేసేవాళ్ళు. ఒక ఏడాది కళ్ళు చిట్లించి చూస్తే, నిరుడు ఆ కుప్పను వాసన చూసిన కుక్కే అదే కాలు ఎత్తి అక్కడే నిలబడి ఉంది. కుప్పం దగ్గర గ్రానైటు లారీ బోల్తా పడితే రాయి ఎన్ని టన్నులో రాసేవారు గానీ డ్రైవరు బతికాడో లేదో రాసేవారు కాదు. నీళ్ళ ట్యాంకు ప్రారంభిస్తే రిబ్బను చుట్టూ నిలబడ్డవాళ్ళ పేర్లు వరసగా ఉండేవి, నీళ్ళు ఎప్పుడొస్తాయో ఒక్క ముక్క ఉండేది కాదు. ఇవన్నీ మలేషియాలో ఉన్న మా అక్కకు ఉత్తరాల్లో రాసేదాన్ని. ఈ దేశంలో పేపరు చదవాలంటే మనిషికి మతిమరుపైనా ఉండాలి, ఓపికైనా ఉండాలి అని రాసినట్టు గుర్తు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

పుంగనూరు వార్తలు రాసేది మా వీధి చివర ఫొటో స్టూడియో అతను. ముహూర్తాలు లేని రోజుల్లో విలేకరి. నేను వచ్చిన కొత్తల్లోనే నా మీద ఒక వార్త రాశాడు. భారతీయ సంస్కృతికి ముగ్ధురాలినై తెల్లవారుజామున నాలుగింటికే లేచి పూజ చేసుకుంటున్నానట. అప్పట్లో నేను లేచేసరికి మా అత్త రెండోసారి కాఫీ కలిపేది. ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు గానీ, ఆ వార్త చదివి వినిపిస్తే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అన్నిటికన్నా నన్ను వేపుకు తిన్నది పర్మిటు. పరాయి దేశం మనిషిని కాబట్టి ఏటా చిత్తూరు పోలీసాఫీసుకు వెళ్ళి, ఇంకో ఏడాది ఉండనివ్వండని రాయించుకోవాలి. ఇక్కడి పౌరసత్వం కోసం పెట్టుకున్న అర్జీ ఏ బీరువాలో ఉందో దేవుడికెరుక. ఫైల్లో ఒక్క మచ్చ పడినా అర్జీ పోతుంది, పర్మిటు పోతుంది, పెట్టె సర్దుకుని నువ్వు ఒక్కదానివే విమానం ఎక్కాలి అని అక్కడి ఆఫీసరు మొదట్లోనే చెప్పాడు. నేను చెప్పబోయే ఏడాదికి మా పాప రెండో క్లాసు. పాపను, మా ఆయన్ను, ఇంటిని వదిలి వెళ్ళాల్సి వస్తుందేమోనన్న భయం ఏడాది పొడవునా నా కడుపులో ఉండేది.

అలాంటి రోజుల్లో ఎలక్షన్లొచ్చాయి. ఓటర్ల జాబితా రాసుకోవడానికి తిరిగినవాళ్ళ వెంట మా వీధి పార్టీ మనిషి ఒకడు నడిచాడు. నన్నొక్క మాట అడక్కుండా నా పేరు ఎక్కించేశాడు. నాకు ఓటు లేదు, కొట్టెయ్యించు మహానుభావా అని వెంటపడ్డాను.

“యాల కొట్టించాల? ఎనిమిదేళ్ళుగా ఈడ ఉండావు, మా వీధి కోడలివి. నీకు లేని ఓటు ఎవురికుంటాది?” అన్నాడు. మంచితనం ముదిరితే ఇలాగే ఉంటుంది.

పోలింగు నాటికి నేను కుప్పంలో ఉన్నాను. మా ఆడబిడ్డకు కాన్పయితే సాయం వెళ్ళాను. మర్నాడు సాయంత్రం పుంగనూరులో బస్సు దిగేసరికి కూరగాయలమ్మి, “నీ బొమ్మ పేపర్లో ఉండాదమ్మా” అంది. ఉంది. ‘ఓటు హక్కు వినియోగించుకున్న విదేశీ కోడలు’ అని పెద్దక్షరాల్లో, కింద నా ఫొటో. పర్మిటు కోసం ఆ స్టూడియోలోనే తీయించుకున్న పాస్‌పోర్టు ఫొటో. నెగెటివు అతని దగ్గరే ఉంది మరి.

బ్యాగుతోనే స్టూడియోకి పోయాను.

“నేను ఊళ్ళోనే లేను. ఎవరు చెప్పారు నీకు?”

“ఏజెంట్లు చెప్పినారక్కా. లిస్టులో నీ పేరుకు టిక్కు పడిండాది. ఎవురూ కాదనలా.”

“రేపు తప్పని రాయి.”

“రాస్తా. అయితే ఆ ఓటు ఎవురేసినారని అడుగుతారు గదక్కా. ఎవురేసినారని రాసేది?”

జీవితంలో ఒక్కసారి ఆ మనిషి అడగవలసిన ప్రశ్న అడిగాడు.

ఇంట్లో మా ఆయన తేలు కుట్టిన దొంగలా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మా అత్త వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎడమచేతి వేలి మీద నల్లటి సిరా గీత. ఇందులో ఏముంది, ఆమె ఓటు ఆమె వేసుకుంది అనుకున్నాను. ఆమె తల ఎత్తలేదు.

“నా పేరు లేదన్నారమ్మా,” అంది. “పొద్దున్నే పోయి మొదట నిలబడినాను. రెండుసార్లు సూసినారు. లేదు, పో అన్నారు. ఈ వీధిలోనే పుట్టినాను, ఈ వీధిలోకే కోడలుగా వచ్చినాను, నేను యాడికి పోతాను? బయట ఏజెంటు, నీ కోడలి పేరుండాది గదా, అది ఎయ్యి అన్నాడు. ఏసినాను.”

ఎలక్షనొస్తే తలంటు పోసుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి, బూతు తలుపులు తియ్యకముందే వెళ్ళి నిలబడే మనిషి ఆమె. ఊళ్ళో పుట్టిన మనిషి పేరు కొట్టేసి, నిన్న మొన్న వచ్చిన నా పేరు ఎక్కించుకున్న జాబితా అది. ఎవర్ని తిట్టాలో నాకు తెలియలేదు. నేను వెయ్యలేదని చెప్పాలంటే ఆమెను చూపించాలి. దొంగ ఓటుకు జైలు ఉంటుందని అందరికీ తెలుసు. చూపించకపోతే నేను విమానం ఎక్కాలి.

నాలుగో రోజు చిత్తూరు నుంచి పిలుపొచ్చింది. వద్దంటే వినకుండా మా అత్త కూడా బస్సెక్కింది. దారంతా నేను లోపల అబద్ధాలు పేర్చుకుంటూ కూర్చున్నాను.

ఆఫీసరు బల్ల మీద పేపరు కత్తిరింపు ఉంది. నా ఎడమచెయ్యి చాపి చూపించాను. గీత లేదు.

“మరి ఎవరు వేశారు?”

“తెలియదు సార్,” అన్నాను.

మా అత్త లేచి నిలబడి, నా చేతి పక్కనే తన చెయ్యి పెట్టింది. “నేనేసినాను సామీ. ఆయమ్మకు తెలీదు.”

ఆఫీసరు ముందుకు వంగి ఆ వేలి మీది గీత చూశాడు. “జైల్లో వేస్తారు అవ్వా, తెలుసా?”

“ఎయ్యండి సామీ. ఆడన్నా నా పేరు రాసుకుంటారు గదా.”

ఆ మాటకు నాకు తల ఎత్తే మొహం లేకపోయింది. ఎనిమిదేళ్ళుగా ఈ ఊరిని వెక్కిరిస్తూ బతికాను. ఈ ఊళ్ళో ఉన్నానని ఒక్క కాగితం మీద రాయించుకోవడానికి జైలుకు కూడా సిద్ధపడే మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, ఆమె గురించి మా అక్కకు ఒక్క ఉత్తరమూ రాయలేదు.

ఆఫీసరు కత్తిరింపును ఉండ చుట్టి బుట్టలో పడేశాడు. “పేపరువాళ్ళు రాసిందంతా నమ్మితే నేను ఊరంతటినీ లోపల వెయ్యాలి,” అన్నాడు. వార్త అబద్ధమని నా చేత ఒక కాగితం రాయించుకుని, ముద్ర వేశాడు. తర్వాత మా అత్త వైపు తిరిగి, “నువ్వు చెప్పింది నేను వినలేదు అవ్వా. నేరుగా కలెక్టరాఫీసుకు పోయి, నీ పేరు ఎక్కించమని అర్జీ ఇచ్చుకో,” అన్నాడు.

కలెక్టరాఫీసు వరండాలో అర్జీ నేనే రాశాను. పుంగనూరులో పుట్టి, పుంగనూరులోనే కాపురమున్నదాన్నని. ఆమె వేలిముద్ర వేసింది. కింద సాక్షిగా సంతకం పెట్టబోతుంటే గుమస్తా చెయ్యి అడ్డం పెట్టాడు.

“కోడల్ని కదా సార్, ఎనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం,” అన్నాను.

“మీరు ఫారినరు గదమ్మా. మీ సంతకం చెల్లదు. ఈ దేశంవాళ్ళు ఎవురైనా పెట్టాల.”

గేటు దగ్గర టీ అమ్మే మనిషిని బతిమాలి పిలుచుకొచ్చాను. అతను మా అత్తను పుట్టి బుద్ధెరిగి చూసినవాడు కాదు, పుంగనూరు ఎప్పుడూ రాలేదట. తడి చేతులు పంచెకు తుడుచుకుని, “యాడ పెట్టాలప్పా?” అని గుమస్తాను అడిగాడు. నా పెన్నే తీసుకుని, ఆమె పుంగనూరులో పుట్టిందనీ, తనకు బాగా తెలుసుననీ రాసిన చోట సంతకం పెట్టాడు. అది చెల్లింది.