అటక దిగిన కుండ

టక్.

లోపలి గదిలో ఎవరో గింజ కొరికిన చప్పుడు. కాసేపాగి మళ్లీ టక్. ఆ తర్వాతే మణెమ్మ గడపలోకి వచ్చింది, పెదవి మీది ఊక తుడుచుకుంటూ.

బుడమేరు పక్క పల్లె ఆమెది. చేసేది ఎకరం కౌలు. వారం రోజులు మునిగినా మళ్లీ లేచి నిలబడే పాత వరి ఆ చుట్టుపక్కల ఆమె దగ్గరే మిగిలింది. ఏటా సగం విత్తనం చల్లి, సగం కుండలో దాచేది. వరద చేను తినేస్తే కుండ ఆదుకోవాలి. లోపల బూడిద, వేపాకు. మూతి మీద పేడమట్టి. దాని చోటు అటక.

రైతుల పద్ధతులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేర్చే విద్యార్థుల ప్రాజెక్టు ఒకటి నేను పాఠాలు చెప్పే కాలేజీకి వచ్చింది. కెన్యాలో వరి పండించే ఊరి నుంచి న్యాంబురా అనే అమ్మాయి వచ్చింది. ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేర్చడం నా పని. ఆ పేరు మణెమ్మకు నోరు తిరగలేదు. ఏటి అవతలి నంబూరు ఊరి పేరు కలిపి, నంబూరు పిల్లా అని పిలిచేసింది. వాళ్లమ్మ దాచే విత్తనం ఏటా పురుగు పాలవుతోందని ఆ పిల్ల దిగులు.

కుండ దించి చూపించమన్నది నేనే.

ఆగస్టు చివర్లో మణెమ్మ కుండ మూతి మట్టి పగలగొట్టింది. పళ్ల కింద గింజ టక్కుమంటే ఎండినట్టు, నలిగితే తడి ఉన్నట్టు. న్యాంబురా కొరికి చూసింది, తేమ మీటరూ పెట్టింది. రెండూ ఒకే మాట చెప్పాయి.

"మీ మిషనుకీ పళ్లున్నాయే" అంది మణెమ్మ.

మర్నాడే ఆ అమ్మాయి విమానమెక్కింది. తెరిచిన విత్తనం మూడెండలు చూడందే మణెమ్మ ఇంట్లో అటక ఎక్కించరు. కుండ ఎండ కోసం గడప పక్కన కూర్చుంది. రెండు రోజులు మబ్బే. మూడో తెల్లవారుజామున బుడమేరు ఇంట్లోకి వచ్చింది. మనుషులు డాబా ఎక్కారు.

పదిరోజులకు గానీ నీళ్లు తీయలేదు. చేలో వరి వారం ఓర్చుకుంది. దానికి తెలిసిన ఓర్పు అంతే. కుండలో గింజలు మొలకెత్తి, ఆ మొలకలతోనే కుళ్లాయి.

సంక్రాంతి దాటాక న్యాంబురా వీడియో కాల్ చేసింది. తెరమీద వాళ్లమ్మ, బూడిద కలిపిన కుండ. ఆవిడ ఒక గింజ పళ్ల మధ్య పెట్టింది. సముద్రం అవతలి నుంచి, టక్. మణెమ్మ కళ్లు మూసుకుని విన్నది. మీ కుండ ఎలా ఉందని న్యాంబురా అడిగింది. మణెమ్మ ఖాళీ అటక వైపు చూసి, బాగుందని చెప్పమంది. చెప్పాను.

తప్పు నాది, ఉన్నదున్నట్టు ఆ అమ్మాయికి రాస్తానన్నాను. మణెమ్మ గడపదాకా వచ్చింది. ఆ ఎండాకాలం దాటకుండానే ఆమె పోయింది. కాబట్టి నాతో చివరిగా అన్నది ఇదే:

"రాయకండి సారూ. తెలిస్తే ఆ పిల్ల ఇంకెక్కడా ఎవర్నీ కుండ దించమని అడగదు."